తిరుపతిలో పద్యనాటకం చూడబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్ళో రాయబారమో హరిశ్చంద్రో పడుతోందని తెలియగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. నాటకం అంటే ఏమిటో చూడని కాలేజీ పిల్లలు, ఎప్పుడో చిన్నప్పుడు చూసి మళ్ళీ చూడాలనుకునే పెద్దవాళ్ళు, వాళ్ళను తీసుకురావలసిన కొడుకులు, కోడళ్ళు, అందరూ అడిగేవి దాదాపు అవే సందేహాలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. చూసొచ్చినవాళ్ళు నాతో చెప్పిన సంగతులు కూడా అక్కడక్కడా కలిపాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## వెళ్ళాలా వద్దా అనుకుంటున్నప్పుడు

పద్యనాటకం అంటే మొత్తం పాటలేనా? మాటలు ఉండవా?

ఉంటాయి. మాటలతో సీను నడుస్తుంది. ముఖ్యమైన ఘట్టం రాగానే పాత్రధారి పద్యం అందుకుంటాడు. పక్కన హార్మోనియం, తబలా ఉంటాయి. మధ్యలో ఒకటీ అరా పాట ఉండొచ్చు కానీ ప్రాణమంతా పద్యంలోనే. మన నాటకానికి ఈ రూపం 19వ శతాబ్దం చివర్లో వచ్చింది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు తెలుగు ఊళ్ళలో ఆడిన సంగీత నాటకాలు చూసి మనవాళ్ళూ మొదలుపెట్టారు. బళ్ళారిలో వకీలుగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) నాటకంలో పద్యాలను, పాటలను రాగాలతో పాడించే పద్ధతిని స్థిరపరిచారు. ఆయన్ను ఆంధ్ర నాటక పితామహుడు అంటారు. సినిమా రాకముందు మన జనానికి సంగీతం, సాహిత్యం, కథ మూడూ ఒకే చోట దొరికింది ఇక్కడే.

నాకు గ్రాంథికం రాదు. పద్యం అర్థం కాకపోతే మూడు గంటలు ఏం చేయాలి?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పద్యంలో ప్రతి మాటా అర్థం కావాలనే పట్టుదల పెట్టుకోకండి. సందర్భం తెలుసు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసు, గొంతులో కోపముందో వేడికోలుందో తెలుస్తుంది. సగం పని అక్కడే అయిపోయింది.

ఒక ఉదాహరణ చూడండి. రాయబారంలో పాండవుల తరఫున సంధి అడగడానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభలో ‘చెల్లియో చెల్లకో తమకు చేసిన యెగ్గులు సైచిరందరున్’ అని ఎత్తుకుంటాడు. చేతనయ్యో, చేతకాకో, మీరు చేసిన కీడునంతా పాండవులు ఓర్చుకున్నారు అని దాని భావం. ఎగ్గు అంటే కీడు, సైచు అంటే సహించు. ఈ రెండు మాటలు తెలిస్తే ఆ పాదం మీదైపోయినట్టే. నాతో వచ్చిన ఇంజనీరింగ్ అబ్బాయి ఒకడు ఇంటర్వెల్‌లో ఈ పాదమే నెమ్మదిగా పాడుకుంటూ కనిపించాడు. వాడు ఇంటర్‌లో తెలుగు తీసుకోలేదు, సంస్కృతం చదివాడు.

నాటకానికి ముందు రోజు పేరున్న నాలుగు పద్యాలు తాత్పర్యంతో సహా ఒకసారి చదువుకుని రండి. అవి వేదిక మీద వినిపించగానే మీకే తెలియకుండా నిటారుగా కూర్చుంటారు.

కథ ముందే తెలిస్తే బోరు కొట్టదా?

కొట్టదు. ఇక్కడ కథ అందరికీ తెలిసిందే. సంధి కుదరదని, యుద్ధం వస్తుందని తెలియనివాళ్ళు హాల్లో ఒక్కరూ ఉండరు. చూడ్డానికి వచ్చేది ఈ కృష్ణుడు ఆ పద్యాన్ని ఎలా అంటాడు, ఈ దుర్యోధనుడు దానికి ఎలా బదులిస్తాడు అన్నది. అదే నాటకం వేరే బృందం వేస్తుంటే మళ్ళీ వెళ్ళేది కూడా అందుకే.

తిరుపతిలో ఎక్కడ వేస్తారు? టికెట్టు ఎంత?

మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం, కోదండరామస్వామి గుడికి సంబంధించిన రామచంద్ర పుష్కరిణి, ఈ మూడు చోట్లా సాంస్కృతిక కార్యక్రమాలు తరచుగా జరుగుతుంటాయి. టిటిడి వేదికల మీద జరిగేవాటికి మామూలుగా ప్రవేశం ఉచితం. కళాసంఘాలు సొంతంగా పెట్టుకున్నప్పుడు పాసులు ఇస్తారు. చిత్తూరులో అయితే నాగయ్య కళాక్షేత్రం ఉంది. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, దాన్నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు కాబట్టి ఆ రోజుల్లో పేపర్లో జిల్లా పేజీ తప్పకుండా చూస్తుండండి. సినిమా టికెట్టులా ఆన్‌లైన్లో వెతికితే చాలాసార్లు దొరకదు. కరపత్రం, ఫ్లెక్సీ, వాట్సాప్ మెసేజీ, వీటి ద్వారానే తెలుస్తుంది.

చిత్తూరు నుంచి వస్తే రాత్రికి తిరిగి వెళ్ళిపోగలమా?

చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. నాటకం సాయంత్రం ఆరున్నరకు అని వేసినా ముందు జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, ఉపన్యాసాలు ఉంటాయి. అసలు నాటకం మొదలయ్యేసరికి గంట ఆలస్యం కావడం మామూలే. తిరిగి వెళ్ళే బస్సు టైము కనుక్కున్నాకే బయల్దేరండి. శని, ఆదివారాల్లో కొండకు వచ్చిపోయే యాత్రికులతో బస్సులు నిండిపోతాయి. అవకాశముంటే ఊళ్ళో చుట్టాలింట్లో ఉండిపోవడమే నయం. బస్సు టెన్షన్‌తో చివరి సీను వదిలేసి లేచిపోయేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే గొప్ప పద్యాలు చాలావరకు చివర్లోనే ఉంటాయి.

చిన్నపిల్లల్ని తీసుకురావచ్చా?

ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళను తీసుకురండి. కిరీటాలు, గదలు, రంగురంగుల తెరలు చూసి వాళ్ళు కళ్ళార్పరు. కాటి సీను ఉన్న హరిశ్చంద్రకు మాత్రం మరీ చిన్నవాళ్ళను తీసుకురావద్దంటాను. హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుణ్ణి పాము కరిచాక తల్లి చంద్రమతి ఏడ్చే ఏడుపు పెద్దవాళ్ళకే కష్టంగా ఉంటుంది.

ఎక్కడ కూర్చుంటే మంచిది?

ముందు వరస వద్దు. అక్కడ స్పీకర్ల మోత తప్ప గొంతు వినపడదు, పైగా సన్మానానికి వచ్చే పెద్దల కోసం ఆ సీట్లు ఆపుతారు. ఐదారు వరసలు వదిలి, హార్మోనిస్టు కనబడే వైపు కూర్చోండి. చాలా బృందాలు హార్మోనియం, తబలా వేదిక పక్కనే పెడతాయి. పాత్రధారి పద్యం ఎత్తుకోబోయే ముందు ఒక్క క్షణం హార్మోనిస్టు వైపు చూస్తాడు. ఆయన మెట్టు మీద వేలు పెట్టి శ్రుతి అందిస్తాడు, తల కొద్దిగా ఆడిస్తాడు, అప్పుడు గొంతు లేస్తుంది. వాళ్ళిద్దరి మధ్య జరిగే ఆ చిన్న వ్యవహారం ఒక్కసారి గమనించారంటే ఇక ప్రతి పద్యానికీ ముందు మీ చూపు అటే పోతుంది.

## తెర లేచాక

మొదట్లో అందరూ వేషాలతో వచ్చి పాడేది ఏ పాట? మనం లేచి నిలబడాలా?

అది ప్రార్థన. ఎక్కువ బృందాలు పాడేది ‘పరాబ్రహ్మ పరమేశ్వర’ అనే కీర్తన, రాసినవారు చందాల కేశవదాసు (1876–1956). తొలి తెలుగు టాకీకి పాటలు రాసింది కూడా ఆయనే. లేవాలన్న నియమమేం లేదు. మాట్లాడకుండా ఉంటే చాలు. కాసేపట్లో ఒకరినొకరు చంపుకోబోయే కృష్ణుడి పక్షం, దుర్యోధనుడి పక్షం ఒకే వరసలో చేతులు జోడించి నిలబడి పాడుతుంటే నాకు ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డుపడినట్టు అవుతుంది.

నాలుగు పాదాల పద్యాన్ని ఐదారు నిమిషాలు ఎందుకు సాగదీస్తారు?

పద్యం అయిపోయాక రాగాలాపన ఉంటుంది కాబట్టి. ఆఖరి పాదం చివరి అక్షరాన్ని పట్టుకుని పాత్రధారి రాగంలోకి వెళ్ళిపోతాడు. మోహనలో మొదలుపెట్టి, కల్యాణిని పలకరించి, మళ్ళీ మొదటికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. మైకులు లేని కాలంలో వేలమంది జనం చివరి మనిషి వరకూ గొంతు చేరాలంటే పై స్థాయిలో, బలంగా, నిలిపి పాడక తప్పేది కాదు. ఆ అలవాటే ఒక కళగా మారింది. జనం కూడా దానికోసమే ఎదురుచూడటం నేర్చుకున్నారు.

నా అభిప్రాయం అడిగితే రాగం పద్యభావాన్ని మోస్తున్నంతసేపూ ఎంతసేపైనా వినొచ్చు. మాటలను ఎక్కడపడితే అక్కడ విరిచి, అర్థం పోగొట్టి, దమ్ము చూపించడానికే పాడితే అది నాటకానికి అన్యాయం. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడికి అంత పేరు వచ్చింది మాట మాటా విడివిడిగా, స్పష్టంగా వినిపించినందుకే. ఇప్పటి కుర్ర నటులు ఆ దారిలో వెళితే కొత్తవాళ్ళు ఇంకా ఎక్కువగా వస్తారని నా గట్టి నమ్మకం.

వన్స్ మోర్ అని అరవొచ్చా?

అరవొచ్చు. నాటకంలో అది పాత మర్యాదే. పద్యం బాగా వచ్చిందని మనసుకు అనిపించాక, రాగం పూర్తయ్యాక అనండి. మధ్యలో వద్దు. రాయబారం సభా ఘట్టంలో ‘జెండాపై కపిరాజు’ లాంటి పద్యానికి వన్స్ మోర్ పడితే నటుడికి రెట్టించిన ఉత్సాహం వస్తుంది, రెండోసారి రాగంలో వేరే మలుపులు వేసి పాడతాడు. కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకున్న చంద్రమతిని మాత్రం మళ్ళీ పాడమని అడగకండి. ఆ దుఃఖం ఒక్కసారి వినేది.

ఇందాకటి కృష్ణుడు వేరే, ఇప్పుడొచ్చిన కృష్ణుడు వేరే. నేనేమైనా మిస్సయ్యానా?

మీరేం మిస్సవ్వలేదు. కరపత్రం తీసి చూడండి, ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని రాసి ఉంటుంది. హరిశ్చంద్రలో అయితే వారణాసి సీనుకు ఒకరు, కాటి సీనుకు ఒకరు. దీనికి రెండు కారణాలు. ఒకటి, రాత్రంతా ఆడే నాటకంలో ఒకే గొంతు అంత ఎత్తు శ్రుతిలో అన్ని పద్యాలు పాడితే నిలవడం కష్టం. రెండు, కాంట్రాక్టర్లు నటులను పిలిపించి టికెట్టు పెట్టి ఆడించే కాంట్రాక్టు నాటకాల కాలంలో పేరున్న ఇద్దరు ముగ్గురు కృష్ణులను ఒకే రాత్రి చూపిస్తామంటే జనం విరగబడి వచ్చేవాళ్ళు. ఎవరు బాగా పాడారని తెల్లారి టీ కొట్ల దగ్గర వాదించుకునేవాళ్ళు. నాటకం మూడు గంటలకు తగ్గినా ఆ పద్ధతి మిగిలింది. మొదటిసారి చూసేవాళ్ళకు కాసేపు ఇబ్బందిగా ఉంటుంది. రెండో కృష్ణుడి రెండో పద్యానికి అలవాటైపోతుంది.

పడక సీను అని అందరూ చెప్పుకుంటారు. అందులో అంత గొప్పేముంది?

యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు ఇద్దరూ ద్వారకకు వస్తారు. కృష్ణుడు నిద్ర నటిస్తుంటాడు. దుర్యోధనుడు తలవైపు ఆసనం మీద కూర్చుంటాడు, అర్జునుడు కాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని నిలబడతాడు. అక్కడ జరిగేది అంతే. కానీ ఆ కాసేపట్లో ముగ్గురి స్వభావాలూ బయటపడతాయి.

నేను కొన్నాళ్ళ కిందట చూసిన ప్రదర్శనలో కృష్ణుడు వేసినాయన పక్కకు తిరిగి పడుకుని, ఎడమచెయ్యి తల కింద పెట్టుకున్నాడు. కళ్ళు మూసే ఉన్నాయి కానీ దుర్యోధనుడు లోపలికి అడుగుపెట్టగానే కాలి బొటనవేలు కొంచెం కదిలింది. మెలకువగానే ఉన్నాడని చెప్పడానికి అదొక్కటే గుర్తు. హాల్లో ఎవరో పెద్దాయన ‘ఆహా’ అన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి కాళ్ళ దగ్గరున్న అర్జునుణ్ణి ముందు పలకరించి, అప్పుడు వెనక్కి తిరిగి, ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అని దుర్యోధనుణ్ణి అడిగాడు. చిరునవ్వు మాత్రం చెరగలేదు. ఆ పలకరింపులో ప్రేమ ఉందా, ఎత్తుగడ ఉందా అన్నది చూసేవాడికే వదిలేశాడు.

ఆడవేషం మగవాళ్ళు వేస్తారా? ఇప్పుడు కూడానా?

ఇప్పుడు ఎక్కువగా మహిళా కళాకారులే వేస్తున్నారు. వాళ్ళలో ద్రౌపది, చంద్రమతి పాత్రలతోనే పేరు తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఒకప్పుడు మాత్రం మగవాళ్ళే వేసేవాళ్ళు. స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా రంగం మీదికి వస్తే ఆడవాళ్ళు ఆయన నడక చూసి నేర్చుకునేవాళ్ళని చెప్పుకుంటారు. తులాభారం నాటకంలో ‘మీరజాలగలడా’ పాట ఆయన స్వయంగా రాసుకున్నదే. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మొక్కుబడికి మగవాళ్ళు చీరకట్టి, నగలు పెట్టుకుని వీధుల్లో తిరగడం చూసిన మన ఊరికి ఇది వింతేం కాదు.

నటుడి చొక్కాకు జనం నోట్లు గుచ్చుతున్నారు. మనం కూడా ఇవ్వాలా?

ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, బలవంతం లేదు. పద్యం నచ్చితే చదివింపులు ఇచ్చి మైకులో పేరు చెప్పించుకోవడం పల్లెల్లో బాగా ఉంది. ఆడిటోరియంలో మాత్రం సీను మధ్యలో వేదిక ఎక్కితే మిగతావాళ్ళ ధ్యాస చెదురుతుంది. నాటకం అయ్యాక లోపలికి వెళ్ళి చేతిలో పెట్టండి. హార్మోనిస్టును, తబలా ఆయన్ను మరిచిపోకండి. నాటకం మొదటి నుంచి చివరి వరకు వేదిక దగ్గరే ఉండేది వాళ్ళిద్దరే.

ఫోన్లో వీడియో తీసుకోవచ్చా?

నిర్వాహకులు వద్దంటే వద్దు. ఒప్పుకుంటే ఒక్క పద్యం తీసుకుని ఫోన్ జేబులో పెట్టేయండి. ముందున్నవాళ్ళ ఫోన్ వెలుగుల్లోంచి నాటకం చూడాల్సి రావడం నిజంగా బాధగా ఉంటుంది.

## నాటకాల గురించి, మన జిల్లా గురించి

తిరుపతి వేంకట కవులు మన తిరుపతి వాళ్ళేనా?

కాదు. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920) భీమవరం దగ్గరి యండగండిలో పుట్టారు. చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి (1870–1950) రాజమండ్రి దగ్గరి కడియంలో పుట్టారు. ఇద్దరూ కలిసి అవధానాలు చేశారు, కలిసి రాశారు, ఇద్దరి పేర్లూ కలిపి జంట పేరు పెట్టుకున్నారు. తిరుపతి శాస్త్రి గారు ముందే పోయినా వేంకట శాస్త్రి గారు తర్వాత రాసినవాటిని కూడా జంట పేరుతోనే ప్రకటించారు. మనం చూసే రాయబారం, కురుక్షేత్రం ప్రదర్శనలకు మూలం వాళ్ళు రాసిన పాండవోద్యోగం, పాండవ విజయం అనే రెండు నాటకాలు. పశువుల కాపరి నోట కూడా ఆ పద్యాలు పలికేవని పెద్దవాళ్ళు చెబుతారు. నేను కూడా అక్షరం రాని ఒక పెద్దాయన ‘అలుగుటయే యెరుంగని మహామహితాత్ముడు’ పద్యం ఒక్క తప్పు లేకుండా చదవడం మన జిల్లాలోనే విన్నాను. కోపమంటే తెలియని ధర్మరాజుకు కోపం వచ్చిన రోజున సముద్రాలన్నీ ఏకమైపోతాయని కృష్ణుడు హెచ్చరించే పద్యం అది.

మా ఊళ్ళో ఎండాకాలం భారతం ఆడతారు. ఇదీ అదీ ఒకటేనా?

రెండూ మహాభారతమే, దారులు వేరు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్ధెనిమిది రోజుల భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ చెబుతారు, రాత్రికి అదే ఘట్టాన్ని వీధినాటకంగా ఆడతారు. అది గుడి ఉత్సవం. అర్జునుడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కేరోజు చూడండి: ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యం పాడుతూ పైకి వెళతాడు. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ, విభూతి కోసం కొంగు పట్టుకునేవాళ్ళుంటారు. అక్కడ అర్జునుడు వేసినాయన ఆ పూటకు నటుడు కాడు, అర్జునుడే. దుర్యోధన వధ రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడు తరుముతుంటే ఊరు ఊరంతా వెంట పరుగెడుతుంది. సాయంత్రం అగ్నిగుండం.

ఆడిటోరియంలో వేసే పద్యనాటకానికి అచ్చులో ఉన్న కవి రచన ఆధారం. తెరలుంటాయి, రంగాలుంటాయి, హార్మోనియం శ్రుతి ఉంటుంది. జనం కుర్చీల్లో కూర్చుని వింటారు. భారతం చూస్తూ పెరిగినవాళ్ళు పద్యనాటకానికి వస్తే ఎవరూ ఏమీ చెప్పకుండానే అందులో పడిపోతారు. పుత్తూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ద్రౌపది రాగానే చేతులెత్తి దండం పెట్టింది. పక్కనున్న కుర్రాళ్ళు ముందు ఆమెను చూశారు, తర్వాత వేదికను చూశారు. ఆ తర్వాత వాళ్ళు ఫోన్లు తీయలేదు.

హరిశ్చంద్ర కాటి సీనులో పాడేవి జాషువా పద్యాలంటారు. నాటకం రాసింది ఆయనేనా?

కాదు. మనవాళ్ళు ఎక్కువగా ఆడే హరిశ్చంద్ర బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రీయం, 1912 నాటిది. గుఱ్ఱం జాషువా (1895–1971) శ్మశానవాటి అనే ఖండికను విడిగా రాశారు. అందులోని పద్యాలు కాటి సీనుకు సరిగ్గా సరిపోవడంతో నటులు తీసుకుని పాడటం మొదలుపెట్టారు, జనం వాటినే కోరుకున్నారు, అవి అక్కడే నిలిచిపోయాయి. ఈ కాటిలో రాజుకూ పేదకూ తేడా లేదని, కులాల గోడలు లేవని చెప్పే ఆ పద్యాలను, అంటరానితనాన్ని అనుభవించిన కవి రాశాడు. ఇప్పుడు కాటికాపరి వేషంలో ఉన్న రాజు నోట అవి వస్తాయి. చాలామంది మామూలుగా విని వదిలేసే ఈ సంగతి తెలిసి వింటే కాటి సీను రెండింతలు బరువెక్కుతుంది.

చిత్తూరు నాగయ్యకు నాటకాలతో సంబంధం ఉందా?

ఉంది. సినిమాల్లో పోతన, వేమన, త్యాగయ్యగా పేరు పొందిన చిత్తూరు వి. నాగయ్య (1904–1973) పుట్టింది రేపల్లెలో, ఇంటిపేరులా నిలిచింది మన చిత్తూరు. ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో పాడి, ఆడి పైకొచ్చారు. చిత్తూరులో ఆయన పేరుతో ఉన్న కళాక్షేత్రంలో నాటకం పడితే నేను తప్పకుండా వెళతాను. ఆ పేరు కింద పద్యం వినడం వేరు.

సురభి వాళ్ళ నాటకం, ఇది ఒకటేనా?

సురభి కుటుంబ నాటక సమాజం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైంది. వాళ్ళ దగ్గర పద్యం ఉన్నా తెరలు, మాయలు, గాల్లో ఎగిరే పాత్రలు ఎక్కువ ఆకర్షణ. పిల్లలతో మొదటిసారి వెళ్ళాలంటే సురభి. గొంతు కోసం వెళ్ళాలంటే రాయబారం.

## చూసొచ్చాక

ఆ రోజుల్లో లాగా ఇప్పుడు లేదు అంటారు పెద్దవాళ్ళు. నిజమా?

కొంత నిజం. షణ్ముఖి ఆంజనేయరాజు, ఈలపాట రఘురామయ్య, అద్దంకి శ్రీరామమూర్తి, మాధవపెద్ది వెంకట్రామయ్య లాంటివాళ్ళు ఒకరి వెంట ఒకరు రావడం మన భాగ్యం. వాళ్ళకు నెలలో సగం రోజులు నాటకాలుండేవి, ఆ సాధన వేరు. ఇప్పటి కళాకారుల్లో చాలామంది ఉద్యోగమో సేద్యమో చేసుకుంటూ, శని ఆదివారాల్లో రిహార్సల్ వేసుకుని, డ్రస్సులకూ రవాణాకూ చేతి డబ్బు పెట్టుకుని వస్తున్నారు. అంత కష్టపడి వచ్చినవాళ్ళను పాతవాళ్ళతో పోల్చి చిన్నబుచ్చడం నాకు నచ్చదు. ఈ మధ్య విన్న ఒక కుర్ర అర్జునుడి గొంతు పదేళ్ళలో ఎక్కడికి వెళుతుందో చూడాలని నేను ఎదురుచూస్తున్నాను.

పూర్తి నాటకం ఎందుకు వేయరు? సీన్లు కోసేస్తున్నారేం?

పూర్తిగా వేస్తే రాత్రి తొమ్మిదికి మొదలై తెల్లారుతుంది. హాలు సమయం, మైకు అనుమతి, కళాకారుల ఖర్చు ఏదీ కలిసిరాదు. అందుకని పడక సీను, రాయబారం సీను కలిపి మూడు గంటల్లో ముగిస్తారు. హరిశ్చంద్రలో వారణాసి, కాటి మాత్రమే వేసేవాళ్ళు ఎక్కువ. కోసిన నాటకంలో చిన్న పాత్రలు ముందుగా పోతాయి, అదే నా బాధ. సంజయుడి రాయబారం లేకుండా కృష్ణ రాయబారం చూస్తే సంధి ప్రయత్నం ఎంత దూరం వెళ్ళిందో తెలియదు. నిర్వాహకులు కనీసం ఏడాదికొక్కసారైనా ఒక నాటకాన్ని రెండు రాత్రులుగా పూర్తిగా వేస్తే జనం వస్తారు. పద్ధెనిమిది రాత్రులు భారతం చూసే జిల్లా ఇది.

ఇంట్లో వినాలంటే ఎవరివి వినమంటారు?

కృష్ణుడికి పీసపాటి, షణ్ముఖి ఇద్దరివీ పక్కపక్కన పెట్టి వినండి. ఒకే పద్యం రెండు రకాలుగా ఎలా బతుకుతుందో తెలుస్తుంది. దుర్యోధనుడికి మాధవపెద్ది వెంకట్రామయ్య, హరిశ్చంద్రుడికి డి.వి. సుబ్బారావు. పాత రికార్డుల్లో గరగర ఉంటుంది, ఇయర్‌ఫోన్స్ కన్నా స్పీకర్లోనే మెరుగు.

మా అమ్మాయి నాటకం చూసొచ్చిన దగ్గర్నుంచి పద్యాలు పాడుతోంది. నేర్పించాలంటే ఎలా?

మంచి మాట. ముందు రాగం జోలికి పోకుండా పద్యాన్ని వచనంలా చదివించండి. ఎక్కడ మాట ఆగుతుందో, ఎక్కడ అర్థం తిరుగుతుందో తెలిశాకే పాడటం. శ్రుతి జ్ఞానం కోసం గాత్రం నేర్పించాలి, అందుకు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. పద్యం నడక మాత్రం నాటకాలకు వాయించే హార్మోనిస్టు దగ్గరే వస్తుంది. ప్రదర్శన అయ్యాక వెళ్ళి అడగండి, చాలామంది సంతోషంగా చెబుతారు.

మొదటి పద్యంగా ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ తీసుకోమంటాను. తమ్ముళ్ళు, కొడుకులు, చుట్టాలు, కర్ణుడు, భీష్ముడు, ద్రోణుడు, అందరూ బాగున్నారా అని ఒక్కొక్కరినీ పేరుపేరునా అడగడమే అందులో ఉన్నది. ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు నోటితో అడగడం వస్తే, రాగం దాని మీద తర్వాత కూర్చుంటుంది.